500 బ్రిటిష్ బాంబులు, 5 కొరియా బాంబులు: కన్‌స్ట్రక్టివిజం కొత్తగా చెప్పేదేమిటి?

మేఘన
ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చదువుతున్నాను. అంతర్జాతీయ సంబంధాల పేపరులో కన్‌స్ట్రక్టివిజం (నిర్మితివాదం) దగ్గర ఆగిపోయాను. ఆ సిద్ధాంతంలో ముఖ్యుడైన అలెగ్జాండర్ వెంట్ 1995లో ఇచ్చిన ఉదాహరణ ఏ పుస్తకం తెరిచినా ఎదురవుతోంది: బ్రిటన్ దగ్గరున్న 500 అణ్వస్త్రాల కన్నా ఉత్తర కొరియా చేతిలో 5 ఉంటేనే అమెరికాకు ఎక్కువ భయం. ఆయుధాల లెక్క కన్నా వాటికి రాజ్యాలు ఇచ్చుకునే అర్థం ముఖ్యమని దీని భావమట. నా సందేహం చిన్నది. బ్రిటన్ మిత్రదేశం, ఉత్తర కొరియా కాదు. ఈ మాట చెప్పడానికి ఒక సిద్ధాంతం కావాలా? తరగతిలో అడిగితే "వాస్తవికవాదం బలాన్ని చూస్తుంది, ఉదారవాదం సంస్థలను చూస్తుంది, ఇది భావాలను చూస్తుంది అని మూడు పేరాలు రాయి, మార్కులు పడతాయి" అన్నారు. మార్కులు పడతాయి సరే, విషయం బుర్రకెక్కాలి కదా.

బలాబలం
మీ సందేహంలో తప్పేమీ లేదు. వాస్తవికవాదులు బాంబుల లెక్క తప్ప మరేమీ చూడరన్నది వాళ్లను ఓడించడానికి కల్పించిన బొమ్మ. వాస్తవికవాదే అయిన స్టీఫెన్ వాల్ట్ 1987లోనే చెప్పాడు, రాజ్యాలు ఎదుటివాడి బలాన్ని మాత్రమే చూసి జట్లు కట్టవు, ముప్పును చూసి కడతాయని. ముప్పంటే మొత్తం బలం, ఎంత దగ్గరలో ఉన్నాడు, దాడి చేసే సత్తా, దురుద్దేశం. ఈ నాలుగూ వేసి చూస్తే బ్రిటన్, ఉత్తర కొరియాల తేడా వెంటనే తేలిపోతుంది. అన్నట్టు, వెంట్ ఆ వాక్యం రాసేనాటికి ఉత్తర కొరియా ఒక్క అణు పరీక్ష కూడా చేయలేదు. మొదటిది 2006 అక్టోబరు 9న.

మన కౌటిల్యుడు ఇంకా సూటిగా చెప్పాడు. సరిహద్దు పంచుకున్న రాజు శత్రువు, ఆ శత్రువుకు అవతల ఉన్నవాడు మిత్రుడు. ఇదే మండల సిద్ధాంతం. అస్తిత్వాలూ అర్థాలూ అక్కర్లేదు, పటం ఉంటే చాలు.

రిటైర్డు మాస్టారు
బలాబలం గారూ, పటం చాలన్నారు కాబట్టి అమెరికా పటమే విప్పుదాం. పైన కెనడా. అప్పట్లో అది బ్రిటిష్ వలస. ఆ సరిహద్దు మీద 1812లో యుద్ధం మొదలైంది, 1814 ఆగస్టులో బ్రిటిష్ సైనికులు వాషింగ్టన్‌లో వైట్‌హౌస్‌ను తగలబెట్టారు. మండల సిద్ధాంతం ప్రకారం ఆ ఇద్దరూ శాశ్వత శత్రువులు కావాలి. ఇవాళ ఆ సరిహద్దుకు సైన్యం కాపలా లేదు. పటం మారలేదు, అమెరికా బలం మాత్రం కెనడా కన్నా ఎన్నో రెట్లు పెరిగింది. అయినా కెనడా రష్యానో చైనానో పిలిచి తన గడ్డ మీద స్థావరం పెట్టించుకోలేదు.

అమ్మా మేఘనా, మీరు "మిత్రదేశం" అనేశారు. వెంట్ అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఆ మైత్రి ఎక్కడినుంచి వచ్చింది? 1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ మీద బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ దండెత్తినప్పుడు అమెరికాకు బ్రిటన్ మీద మండిపోయింది. బ్రిటన్ అప్పటికి నాలుగేళ్ల క్రితమే, 1952లో, అణు పరీక్ష జరిపింది. సోవియట్ ప్రధాని బుల్గానిన్ రాకెట్లను గుర్తుచేస్తూ లండన్‌కు బెదిరింపు లేఖ రాశాడు. అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ మాత్రం పౌండు మెడ మీద కాలుపెట్టి, అంతర్జాతీయ ద్రవ్యనిధి సాయానికి అడ్డుపడి పని కానిచ్చాడు. అంత తగవులోనూ బ్రిటన్ బాంబు వాషింగ్టన్ మీద పడుతుందేమోనని అక్కడ ఎవరూ లెక్కలు వేయలేదు. ప్రయోజనాలు ఢీకొన్నాయి, భయం పుట్టలేదు. "మిత్రుడు" అన్నది ఆ వారంలోని ప్రయోజనాల మొత్తం కాదని తేలడానికి ఇది చాలు.

ఇక వాల్ట్ జాబితాలోని నాలుగో అంశం, దురుద్దేశం. దాన్ని తూకం రాయితో తూచలేం. ఎదుటివాడు ఎవరు, మనతో ఇంతకాలం ఎలా నడుచుకున్నాడు, మనం అతనితో ఎలా నడుచుకున్నాం అన్నదాంట్లోంచే అది తయారవుతుంది. వాల్ట్ దాన్ని జాబితాలో చేర్చాడు, పుట్టుక చెప్పలేదు. నిర్మితివాదులు అక్కడినుంచి అందుకున్నారు.

మరో వాస్తవికవాది కెనెత్ వాల్ట్జ్ 1979లో ఏమన్నాడు? రాజ్యాల మీద మరో రాజ్యాధికారం లేదు, అందుకే ఎవరి భద్రత వాళ్లే చూసుకోక తప్పదు అన్నాడు. వెంట్ 1992 వ్యాసంలో ఆ "అందుకే"ను పట్టుకున్నాడు. పైన అధికారి లేకపోవడం నిజమే, దానంతట అది శత్రుత్వాన్ని పుట్టించదు. పొలం గట్టును చూడండి. మూరెడు మట్టి అది, ఎద్దు దాటేస్తుంది. ఇద్దరు రైతులు తరాల తరబడి అక్కడే ఆగుతున్నారంటే మట్టి ఎత్తు వల్ల కాదు. ఒకచోట గట్టు మీద కూర్చుని కలిసి చద్దన్నం తింటారు, మరోచోట అదే గట్టు మీద తలలు పగులుతాయి. సర్వే రాళ్లు రెండుచోట్లా ఒకటే. 1999 పుస్తకంలో వెంట్ ఈ తేడాలను తత్వవేత్తలు హాబ్స్, లాక్, కాంట్ పేర్లతో మూడు రకాల అరాచక (పైన అధికారి లేని) సంస్కృతులుగా విడదీశాడు: శత్రువులు, పోటీదారులు, మిత్రులు. పరీక్షలో ఈ మూడూ రాయండి, కానీ ఒకటి దాటి ఇంకొకటి ఎక్కే మెట్లని రాయకండి. వెనక్కి జారడమూ ఉంటుంది.

కన్‌స్ట్రక్టివిజం అన్న పేరు మొదటిసారి పెట్టింది వెంట్ కాదు, నికొలస్ ఓనఫ్, 1989లో. ఆయన్ని మన సిలబస్‌లు సాధారణంగా ఒక వాక్యంతో సాగనంపుతాయి. అన్యాయం.

బలాబలం
మాస్టారూ, చద్దన్నం దాకా బాగుంది. కెనడాకు అమెరికాతో తలపడే స్థోమత లేదు, అందుకే తలవంచింది. దానికి స్నేహమని పేరు పెట్టారు. నాకు కావలసింది వేరు. బలమూ లాభమూ ఒకవైపు లాగాలి, మీ భావాలూ ప్రమాణాలూ (ఇది తగును, ఇది తగదు అన్న కట్టుబాట్లు) రెండోవైపు లాగాలి, చివరికి ప్రమాణమే గెలవాలి. అలాంటి సందర్భం ఒక్కటి చూపండి. రెండూ ఒకేవైపు లాగే ఉదాహరణలు నాకు వద్దు.

తుంగభద్ర
చూపిస్తాను. 1946. మనకింకా స్వాతంత్ర్యం రాలేదు, తాత్కాలిక ప్రభుత్వం ఉంది. దక్షిణాఫ్రికాలో ఆసియా వాసుల భూమి హక్కులను కుదించే చట్టం వచ్చింది. భారత్ ఆ దేశంతో వ్యాపారం తెంచుకుంది. అలా చేసిన మొదటి దేశం మనదే. ఆ పేచీని కొత్తగా పుట్టిన ఐక్యరాజ్యసమితికి పట్టుకెళ్లింది. ప్రతినిధి వర్గానికి నాయకురాలు విజయలక్ష్మీ పండిట్.

అక్కడ ఎదురుగా ఉన్నది దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్. సమితి చార్టర్ పీఠికలో మానవ హక్కుల మాట చేరడంలో ప్రధానంగా చేయి ఉన్నవాడు. ఇది మా ఆంతరంగిక విషయం, చార్టర్ ప్రకారమే మీరు జోక్యం చేసుకోకూడదని ఆయన వాదన. మీరే రాసిన పీఠిక సంగతేమిటని భారత్ వాదన. డిసెంబరు 8న సర్వసభ్య సభ మూడింట రెండొంతుల మెజారిటీతో భారత్ వైపు నిలిచింది. అప్పటికి మన దగ్గర సొంత సైన్యాధికారం లేదు, డబ్బు లేదు, వీటో లేదు. స్మట్స్ దగ్గర బ్రిటన్, అమెరికాల ఓట్లున్నాయి. గెలిపించింది ఏ తుపాకి?

తెలుగువాళ్లం ఈ కథను మనది కానట్టు చదువుతాం, అదొక వింత. 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరిన మొదటి కూలీల ఓడ ట్రూరో మద్రాసు రేవు నుంచే వెళ్లింది. తర్వాతి ఓడల్లో తమిళులతో పాటు మన కోస్తా జిల్లాలవాళ్లు ఎందరో. డర్బన్‌లో ఆంధ్ర మహాసభ 1931లోనే వెలిసింది. సమితిలో చర్చకు వచ్చింది వాళ్ల ఇళ్ల సంగతే.

బలాబలం
తీర్మానం గెలిచింది. దక్షిణాఫ్రికా లెక్కచేసిందా? లేదు. రెండేళ్లకే, 1948లో, నేషనల్ పార్టీ గెలిచి జాతివివక్షను పూర్తి వ్యవస్థగా మార్చింది. భద్రతా మండలి తప్పనిసరి ఆయుధ నిషేధం పెట్టడానికి 1977 దాకా పట్టింది. మధ్యలో 31 ఏళ్లు పాశ్చాత్య దేశాలు బంగారం, ఖనిజాలు, గుడ్ హోప్ అగ్రం చుట్టూ నౌకామార్గం, కమ్యూనిజం భయం చూసుకున్నాయి. నా సిద్ధాంతం ఆ 31 ఏళ్లను వివరిస్తుంది. మీది ఒక్క సాయంత్రపు ఓటింగును వివరిస్తుంది.

తుంగభద్ర
31 ఏళ్లు మీకే ఇచ్చేస్తాను. 1986 నాకివ్వండి. ఆ ఏడాది అమెరికా కాంగ్రెస్ జాతివివక్ష వ్యతిరేక ఆంక్షల చట్టం చేసింది, రీగన్ వీటో చేశాడు, రెండు సభలూ ఆ వీటోను తోసిపుచ్చాయి. ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా ముగియలేదు. అంగోలాలో క్యూబా సైన్యం ఉంది. ఖనిజాలు ఎక్కడికీ పోలేదు. మీరు చెప్పిన కారణాలన్నీ పదిలంగా ఉండగానే అమెరికా విధానం తిరగబడింది. రీగన్ సొంత పార్టీ సెనేటర్లే చాలామంది ఆయన్ని కాదన్నారు. నిర్మితివాది ఆడీ క్లాట్జ్ 1995లో రాసిన పుస్తకమంతా ఈ ఒక్క ముడి మీదే. జాతి సమానత్వం అమెరికాలో లోపలి ప్రమాణం అయ్యాక, బయట దానికి ఎదురు నిలిచే మిత్రుణ్ణి మోయడం కష్టమైంది. ప్రయోజనం అంటే ఏమిటన్న లెక్కే మారిపోయింది.

విలేఖరి
మధ్యలో దూరుతున్నాను. పాతికేళ్లు విదేశీ వార్తల డెస్కులో పనిచేసినవాణ్ణి, సిద్ధాంతాల గొడవ నాకు ఆలస్యంగా తగులుకుంది.

నిర్మితివాదులు అందరికన్నా గర్వంగా చూపే ఉదాహరణ అణ్వస్త్ర నిషిద్ధం, అంటే బాంబు వాడటమే తగని పనన్న భావన. 1945 ఆగస్టు 9 తర్వాత ఎవరూ యుద్ధంలో అణుబాంబు వాడలేదు. ఎదురుదెబ్బ భయం వల్లనే అంటే, తిరిగి కొట్టలేని దేశాల మీద ఎందుకు వాడలేదు? వియత్నాంలో అమెరికా ఓడిపోతూ కూడా వాడలేదు, 1991లో ఇరాక్ మీదా వాడలేదు. పరిశోధకురాలు నైనా టానెన్‌వాల్డ్ దీన్ని నైతిక నిషిద్ధం అంటుంది. కేరళలో పుట్టిన పరిశోధకుడు టి.వి. పాల్ అంత దూరం పోడు, అది పేరుప్రతిష్ఠల లెక్కతో నిలిచిన సంప్రదాయం మాత్రమే అంటాడు. నా మొగ్గు పాల్ వైపు. 2017లో స్కాట్ సేగన్, వాలెంటినో అనే పరిశోధకులు అమెరికన్లను ఒక ఊహాజనిత ఇరాన్ యుద్ధం గురించి సర్వే చేస్తే, సొంత సైనికుల ప్రాణాలు మిగులుతాయంటే లక్షల మంది పౌరులు చచ్చే అణుదాడిని కూడా సగానికి పైగా ఆమోదిస్తామన్నారు. నిజంగా నిషిద్ధమైన పనికి సర్వేలో ఇంత సులువుగా తల ఊపరు.

మేఘన
అందరికీ ధన్యవాదాలు. మూడు పేరాల జవాబు ఇక రాయలేను. డిసర్టేషన్ కూడా దీని మీదే చేద్దామనిపిస్తోంది, భారత అణు విధానం తీసుకుని. చైనా 1964లో పరీక్షించింది, మనం 1974లో, పాకిస్తాన్ 1998లో. ఈ వరుస చూస్తే బలాబలం గారి వాదానికే సరిపోయేట్టుంది. నిర్మితివాదానికి ఇందులో చోటుందా?

రిటైర్డు మాస్టారు
"ఎందుకు చేశాం" అన్న ప్రశ్న మీద స్కాట్ సేగన్ 1996లోనే ఒక వ్యాసం రాశాడు: భద్రత, దేశీయ రాజకీయం, ప్రతిష్ఠ అని మూడు నమూనాలు పెట్టి. చైనా పరీక్షకూ మన పరీక్షకూ నడుమ పదేళ్లు ఎందుకు, 1974కూ 1998కూ నడుమ ఇరవైనాలుగేళ్లు ఎందుకు అంటే భద్రత ఒక్కటే జవాబు కాదు. కానీ అది బాగా నలిగిన దారి. దానికన్నా "చేశాక మనల్ని ఏమని పిలిచారు" అన్నది పట్టుకోండి.

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధ ఒప్పందం దృష్టిలో అణ్వస్త్ర రాజ్యం ఎవరు? 1967 జనవరి 1కి ముందు పేల్చినవాళ్లు. చైనా 1964 అక్టోబరు 16న పేల్చింది కాబట్టి గీతకు ఇవతల పడింది. మనం అవతల. బాంబు భౌతికశాస్త్రంలో ఈ తేదీకి స్థానమే లేదు. అది రాజ్యాలు కూర్చుని గీసుకున్న గీత, ఆపైన అందరి నడకనూ శాసించింది.

ఇప్పుడు వరుస చూడండి. 1974 పోఖ్రాన్‌ను మనం శాంతియుత అణు విస్ఫోటనం అన్నాం. ఎవరూ నమ్మలేదు. కెనడా సహకారం తెంచుకుంది, అణు సామగ్రి ఎగుమతులను కట్టడి చేసే అణు సరఫరాదారుల బృందం మన పరీక్ష వల్లే పుట్టింది. 1998 మే 11, 13 తేదీల్లో మళ్లీ పరీక్షించాం. ఈసారి ముసుగు లేదు, ఆయుధమేనన్నాం. జూన్ 6న భద్రతా మండలి 1172వ తీర్మానంలో భారత్‌కు గానీ పాకిస్తాన్‌కు గానీ అణ్వస్త్ర రాజ్య హోదా ఉండదని ప్రత్యేకంగా రాసుకుంది. బాంబు పేలిన నెలలోపే హోదా లేదని కాగితం మీద పెట్టుకోవలసిన అవసరం ఎందుకొచ్చింది? ముడిబలమే అంతా అయితే ఆ వాక్యం దండగ కదా.

ఆ ఏడాదే జస్వంత్ సింగ్ అమెరికా పత్రికలో రాసిన వ్యాసానికి పెట్టిన శీర్షికలో "అణు జాతివివక్ష" అన్న మాట వాడాడు. తుంగభద్ర గారు చెప్పిన 1946 కథతో కలిపి చదవండి. ఏ ప్రమాణంతో స్మట్స్‌ను ఇరికించామో దాన్నే గీతకు ఇవతలి ఐదుగురు పెద్దల మీద ప్రయోగించాం.

తర్వాత 1999లో మొదట వాడబోమన్న ముసాయిదా సిద్ధాంతం, 2003లో దానికి అధికారిక రూపం. 2005 జులై 18న మన్మోహన్ సింగ్, బుష్ సంయుక్త ప్రకటనలో భారత్ "అధునాతన అణు పరిజ్ఞానం గల బాధ్యతాయుత రాజ్యం". 2008 సెప్టెంబరు 6న 45 దేశాల సరఫరాదారుల బృందం, ఒప్పందంలో చేరకుండానే అణు వ్యాపారం చేసుకునేలా మనకు మినహాయింపు ఇచ్చింది. మన వల్ల పుట్టిన బృందమే మన కోసం తలుపు తీసింది. ఒప్పందంపై మనం సంతకం పెట్టలేదు, ఒక్క బాంబూ విడదీయలేదు. మారింది మన పేరు.

బలాబలం
మారింది చైనా, మాస్టారూ. 1998లో వాజ్‌పేయి క్లింటన్‌కు రాసిన లేఖ మర్నాడో ఎల్లుండో అమెరికా పత్రికలో అచ్చయింది. అందులో సరిహద్దున ఉన్న అణ్వస్త్ర రాజ్యం అన్నది చైనా గురించే. అది భారత్ నోటి మాట, నాది కాదు. 2005 నాటికి వాషింగ్టన్‌కూ ఆసియాలో చైనాకు ఎదురుబరువు కావలసివచ్చింది. మార్కెట్ ఉన్న, సైన్యం ఉన్న, సరైన చోట ఉన్న దేశం దొరికింది. "బాధ్యతాయుతం" అన్నది బేరం కుదిరాక కట్టిన తోరణం. ఆ బృందం వియన్నా సమావేశంలో ఆస్ట్రియా, ఐర్లండ్, న్యూజిలాండ్ మొండికేస్తే వాళ్లను దారికి తెచ్చింది అమెరికా ఒత్తిడి. ప్రమాణాలు నమ్మిన చిన్నదేశాలు ఓడిపోయాయి, బలం నెగ్గింది. ఇంతకన్నా శుద్ధమైన వాస్తవికవాద పాఠం నేను రాయలేను.

తుంగభద్ర
ఒత్తిడి నిజమే. అయితే ఆ చిన్నదేశాలు అడిగిందేమిటో, ఇచ్చిందేమిటో చూడండి. సెప్టెంబరు 5న ప్రణబ్ ముఖర్జీ ఒక ప్రకటన చేశారు: పరీక్షలపై స్వచ్ఛంద విరామానికి కట్టుబడి ఉన్నాం, మొదట వాడం, ఆయుధ పోటీకి దిగం, పరిజ్ఞానాన్ని ఇతరులకు చేరవేయం. మర్నాడు తలుపు తెరుచుకుంది. ఒత్తిడి ఒక్కటే చాలితే ఆ ప్రకటన ఎవరికి కావలసివచ్చింది? అమెరికాకు అప్పట్లో పాకిస్తాన్ కూడా అవసరమే, అఫ్గానిస్తాన్ యుద్ధం నడుస్తోంది, సరఫరా దారులు కరాచీ మీదుగా. అయినా ఆ దేశానికి ఇలాంటి ఒప్పందం ఇవ్వలేదు. పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఎ.క్యు. ఖాన్ ఆ పరిజ్ఞానాన్ని బయటి దేశాలకు చేరవేశానని 2004లో టీవీలో ఒప్పుకున్న సంగతి అందరికీ గుర్తుంది.

నాకు నిర్మితివాదులతోనూ ఒక పేచీ ఉంది. వాళ్లకు మంచి ప్రమాణాలంటేనే ముద్దు: బానిసత్వ నిషేధం, మందుపాతరల నిషేధం, మానవ హక్కులు. వాళ్లలో ఫినెమోర్, సిక్కింక్ 1998లో గీసిన ప్రమాణాల జీవితచక్రంలో ఎక్కువగా పడమటి ఉద్యమకారుడో సంస్థో మొదలుపెడతారు, మిగతా లోకం అందుకుంటుంది. "నాగరిక దేశం" అన్న కొలబద్దతో 19వ శతాబ్దంలో సగం ప్రపంచాన్ని చట్టం బయట నిలబెట్టింది కూడా ఒక ప్రమాణమే. అమితవ్ ఆచార్య 2004 వ్యాసం నుంచి ఈ లోపాన్ని కొంత సరిచేశాడు, స్థానిక సమాజాలు బయటి ప్రమాణాన్ని తమకు సరిపడేలా కోసి కుట్టుకుంటాయని ఆగ్నేయాసియాను చూపి. 1946 ఇంకా ముందుకు పోతుంది. అక్కడ ప్రమాణం దక్షిణం నుంచి బయలుదేరింది.

ఆరోమైలు
ఇంతసేపూ ఉక్రెయిన్ మాట ఎవరూ ఎత్తలేదు! పుతిన్ 2021 జులైలో రష్యన్లూ ఉక్రెయినియన్లూ ఒకే ప్రజ అని పెద్ద వ్యాసం రాసి, ఏడు నెలలకు దండెత్తాడు. ఇది అస్తిత్వం కాక మరేమిటి? వాస్తవికవాది మీర్‌షైమర్ ఏమో అంతా నాటో విస్తరణే అంటాడు.

నిర్వాహకులు
ఆరోమైలు గారూ, మంచి ప్రశ్న, కానీ ఇక్కడ మొదలుపెడితే ఈ చర్చ ఇక భారత్ వైపు రాదు. వేరే చర్చ తెరిచాను, అక్కడ రాయండి.

విలేఖరి
నిర్వాహకులు క్షమించాలి, ఒక్క వాక్యం. ఫిన్లండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరాయి; స్వీడన్ రెండు వందల ఏళ్ల సైనిక కూటముల దూరాన్ని వదులుకుంది. భయం ఎంత త్వరగా అస్తిత్వాన్ని తిరగరాస్తుందో చూడాలంటే అదీ చదవండి. ఇక ఆపేస్తాను.

మేఘన
నా ప్రశ్నను ఇలా కుదించుకున్నాను: 1998 జూన్ తీర్మానానికీ 2008 సెప్టెంబరు మినహాయింపుకూ మధ్య భారత్ తన గురించి చెప్పుకున్న మాటల్లో ఏవి ఇతరుల పత్రాల్లోకి ఎక్కాయి, ఏవి ఎక్కలేదు? బలాబలం గారి చైనా వాదాన్ని మొదటి అధ్యాయంలోనే పెడతాను.

బలాబలం
పెట్టండి. దానితోపాటు 2016 కూడా పెట్టండి. సియోల్ సమావేశంలో సరఫరాదారుల బృందంలో సభ్యత్వం అడిగాం, దొరకలేదు. పేరు మారిపోయిందన్నారు కదా మాస్టారు, మరి లోపల కుర్చీ ఎందుకు వేయలేదు?

రిటైర్డు మాస్టారు
అక్కడ నిర్ణయం ఏకాభిప్రాయంతో జరుగుతుంది, చైనా ఒక్కటి అడ్డం పడినా చాలు. అది మీ ఖాతాలో వేసుకోండి. అయితే చైనా అడ్డుపడిన తీరు చూడండి: వ్యాప్తి నిరోధ ఒప్పందంపై సంతకం చేయనివారికి ఒక ప్రమాణం ఉండాలి, అది అందరికీ ఒకటే కావాలి అంది. తనకు ఇష్టం లేదని చెప్పలేదు. మేఘనా, ఆ వాదనకు మనవాళ్లు ఇచ్చిన జవాబుతో మీ మూడో అధ్యాయం మొదలుపెట్టవచ్చు. విదేశాంగ శాఖ విలేఖరుల సమావేశాల పాఠాలు వాళ్ల వెబ్‌సైటులో ఉంటాయి, 2016 జూన్ నుంచి వెతకండి.